తొమ్మిది వందల మీటర్లు: మా లేఅవుట్ తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అమ్మలకూ నాన్నలకూ నమస్కారం.

నేను ఎ బ్లాకు డ్రిల్లు మాస్టారిని. పేరు తెలియనివాళ్ళకు కూడా, పొద్దున్నే మనవరాలి చేయి పట్టుకుని గేటు దాటే పెద్దాయన అంటే గుర్తొస్తుంది. కదిరి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా పీఈటీగా పనిచేశాను. రిటైరయ్యాక కొడుకూ కోడలూ రమ్మంటే బెంగళూరులోని కుందలహళ్ళి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మీలో సగం మంది అనంతపురం, కడప, చిత్తూరు వైపు వాళ్ళే. మిగతావాళ్ళు నెల్లూరనీ గుంటూరనీ ఖమ్మమనీ చెబుతారు. ఉగాదికి క్లబ్ హౌస్‌లో ఒకే గిన్నెలో పచ్చడి పంచుకున్నవాళ్ళం. ఆ చనువు కొద్దీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన గేటు నుంచి స్కూలు గేటుకు తొమ్మిది వందల మీటర్లు. గ్రౌండులో ట్రాక్ కొలిచిన అలవాటు కొద్దీ అడుగులేసి కొలిచాను, తర్వాత ఫోన్లో కూడా చూసుకున్నాను. రెండు మలుపులు, ఒకచోట పెద్ద రోడ్డు దాటాలి. మూడో తరగతి చదివే మా మనవరాలు, దారిలో కనిపించిన ప్రతి పిల్లినీ పలకరించుకుంటూ నడిచినా, పదిహేను నిమిషాల్లో చేరిపోతుంది. ఈ తొమ్మిది వందల మీటర్లకు మనం కార్లు తీస్తున్నాం, స్కూటర్లు తీస్తున్నాం. బేస్‌మెంట్‌లోంచి బయటికి రావడానికే అయిదు నిమిషాలు హారన్లు కొట్టుకుంటున్నాం. ఈ జూన్‌లో స్కూళ్ళు తెరిచేనాటికి దీన్ని మార్చుకుందామని అడగడానికే ఈ లేఖ.

పోయిన ఫిబ్రవరిలో స్కూలు ముందు జరిగింది చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం నేను కళ్ళారా చూసింది రాస్తాను. ఎవరి పిల్లలో రాయను, ఆ రెండు కుటుంబాలూ మన మధ్యే ఉన్నాయి. ఎనిమిది కావడానికి పది నిమిషాలుంది. గేటుకు కాస్త ఇవతల ఒక కారు ఆగింది. వెనక ఇంకో కారు హారన్ కొడుతోంది. లోపలున్న రెండో తరగతి బాబు గబగబా రోడ్డు వైపు తలుపు తెరుచుకుని దిగాడు. అదే సందులోంచి ఒక స్కూటర్ దూసుకొచ్చింది. నడిపేది కూడా ఒక నాన్నే, ముందు కూతురు నిలబడి ఉంది. ముగ్గురూ పడిపోయారు. బాబుకు ముంజేతి ఎముక విరిగింది. పాపకు మోకాళ్ళు దోక్కుపోయాయి. దేవుడి దయ, తలలకు ఏమీ కాలేదు. ఆ పాప తలకు హెల్మెట్ లేదు.

నేను మనవరాల్ని పక్కకు నిలబెట్టి పరుగెత్తాను. బాబు నీళ్ళ సీసా దొర్లుకుంటూ వెళ్ళి, కాలువ మీద పరిచిన బండల మధ్య ఇరుక్కుంది. ఆ స్కూటర్ నాన్న ఇద్దరు పిల్లల్నీ చెరో వైపు పొదివి పట్టుకుని ఫుట్‌పాత్ అంచు మీద కూలబడ్డాడు. చేతులు వణికిపోతున్నాయి. "ఎనిమిదిన్నరకు కాల్ ఉంది మాస్టారూ, ఎనిమిదిన్నరకు కాల్ ఉంది" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. కారు తోలిన తల్లి మీదా రాలేదు. ఆమె తలుపు పట్టుకుని నిలబడి ఏడుస్తోంది. ఇద్దరూ పిల్లల్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళే. వాళ్ళ పిల్లలు క్షేమంగా వెళ్ళాలనే బండి తీశారు. ఆ రోజు గేటు ముందు లారీ లేదు, ట్యాంకర్ లేదు, తాగి తోలినవాడెవడూ లేడు. ఉన్న బండ్లన్నీ మనవే.

ఇంటికొచ్చాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరిని అడిగినా "రోడ్డు ప్రమాదం మాస్టారూ, అందుకే బండి మీద దింపుతున్నాం" అంటారు. నిజమే, భయపడాల్సిన రోడ్లే. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది నడిచి వెళ్ళేవాళ్ళు. అంటే దాదాపు అయిదుగురిలో ఒకరు. ఈ లెక్క చూసి ఏ తల్లికి గుండె జారదు? కానీ మన స్కూలు గేటు దగ్గర ఆ అరగంట నడిచొచ్చే పిల్లలకు ప్రమాదం ఎటు నుంచి వస్తోందో ఒక్కసారి నిలబడి చూడండి. ఒక ఇల్లు కారు తీస్తే పక్కింటివాళ్ళకు నడిపించడానికి భయం. వాళ్ళూ తీస్తారు. అలా ఒకరిని చూసి ఒకరం భయపడి అందరం బండ్లెక్కాం. దీన్ని ఒక్కరు విప్పలేరు. ఇరవై ఇళ్ళు కలిస్తే విప్పొచ్చు.

శివరాత్రి తర్వాతి ఆదివారం మన బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన పిల్లలతో ఒక పని చేశాను. అప్పుడు పై నుంచి చూసినవాళ్ళు "మాస్టారు తొక్కుడుబిళ్ళ ఆడిస్తున్నారేమో" అనుకున్నారట. ఆట కాదు. నేల మీద సుద్దతో ఒక గీత గీశాను. అక్కడ డ్రైవరుకు పిల్లవాడు కనిపించాడనుకోమన్నాను. కన్ను చూసి, బుర్రకు ఎక్కి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బండి ఆ ఒక్క సెకనులో ఎనిమిది మీటర్లకు పైగా వెళ్ళిపోతుంది. 50లో అయితే దాదాపు పద్నాలుగు మీటర్లు. టేపుతో కొలిచి రెండు చోట్లా గీతలు గీశాను. బ్రేకు పడటం మొదలయ్యేది ఆ గీతల దగ్గరే, బండి ఆగేది ఇంకా అవతల. ఎనిమిది మీటర్ల గీత దగ్గర ఒక చిన్న పాపను, పద్నాలుగు దగ్గర ఏడో తరగతి అబ్బాయిని నిలబెట్టాను. వాళ్ళిద్దరి మధ్య ఒక కారు నిలిపినా ఇంకా చోటు మిగిలేంత దూరం. ఆ అబ్బాయి గీతల వంక చూసి, "అయితే మా నాన్న ఈ మెయిన్ రోడ్డు మీద 50లో వస్తారు తాతా" అన్నాడు. నేనేమీ అనలేదు. మర్నాడు వాళ్ళ నాన్న లిఫ్టులో కలిసి, రాత్రి మావాడు నాకు క్లాసు పీకాడు మాస్టారూ అని చెప్పారు.

పిల్లలూ పెద్ద బండ్లూ కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో చాలా దేశాలు కూర్చుని ఒప్పుకున్నాయి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన లేఅవుట్ లోపల 30 కూడా ఎక్కువే. పది చాలు.

ఇక పిల్లల సంగతి. వాళ్ళకు ఏం చేతనవునో, ఏం కాదో ముప్పై ఏళ్ళు గ్రౌండులో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. తొమ్మిది పదేళ్ళలోపు పిల్లలు ఎదురుగా వస్తున్న బండి ఎంత దూరంలో ఉందో, ఎంత జోరుగా వస్తోందో సరిగ్గా అంచనా వేయలేరు. అది తెలివితక్కువతనం కాదు, ఆ వయసుకు కన్నూ బుర్రా ఇంకా అంత కుదురుకోవు. బంతి ఎటు వస్తుందో పసిగట్టి క్యాచ్ పట్టడం అయిదో తరగతి వాళ్ళకు వచ్చినంత బాగా రెండో తరగతి వాళ్ళకు రాదు కదా. ఇదీ అంతే. పైగా వాళ్ళ ఎత్తుకు ఆగి ఉన్న కారు ఒక గోడ. గోడ అవతల ఏముందో వాళ్ళకు కనిపించదు, అవతలివాడికి వీళ్ళు కనిపించరు. కాబట్టి నాలుగో తరగతి దాకా పెద్దవాళ్ళ చేయి ఉండాల్సిందే. చేయి అంటే వేలు కాదు. వేలు పట్టుకున్న పిల్ల ఒక్క గుంజు గుంజితే జారిపోతుంది. మణికట్టు దగ్గర పట్టుకోవాలి, మనం బండ్ల వైపు ఉండాలి, పిల్ల కాలువ వైపు ఉండాలి.

రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూడాలి. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి మొదటి అడుగు వేయగానే మీదికొచ్చేది కుడివైపు నుంచే. బెంగళూరులో ఇది చాలదు. వన్‌వేలో ఎదురొచ్చే బైకులున్నాయి, ఫుట్‌పాతెక్కే బైకులున్నాయి. కాబట్టి ఎటు రాకూడదో అటు కూడా చూడమని చెబుతాను. ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఎన్నో ఏళ్ళు నేను పిల్లలతో 'ఎడమవైపు నడవండి' అని వల్లె వేయించాను. అది బండ్లకు పనికొచ్చే మాట. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్ళు కుడివైపు అంచున, ఎదురుగా వచ్చే బండి కళ్ళకు కనబడేలా నడవాలి. వెనక నుంచి వచ్చేదాన్ని తప్పించుకోలేం, ఎదురొచ్చేదాన్ని చూసి పక్కకు జరగొచ్చు. నా దగ్గర చదువుకున్న పిల్లలు మీలో ఎవరైనా ఉంటే ఇప్పుడైనా మార్చుకోండి.

సైకిల్ మాటకొస్తే నా చిన్నప్పటి కదిరి గుర్తొస్తుంది. గంట లెక్కన సైకిల్ అద్దెకు తెచ్చుకుని, సీటు అందక ఫ్రేమ్ సందులోంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళం. నా సర్వీసులో హైస్కూలుకు ఆరేడు కిలోమీటర్ల నుంచి వచ్చే ఆడపిల్లలు, నడవలేక ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో మానేసేవాళ్ళు. ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో సైకిళ్ళిచ్చినప్పుడు అందులో కొందరు మానకుండా ఆగారు. పొద్దున గ్రౌండు అంచున వరసగా ఆ సైకిళ్ళు నిలబెట్టి ఉంటే నాకు కడుపు నిండిపోయేది. కర్ణాటకలోనూ 2006 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్ళిచ్చారు. ఆ పిల్లలు సైకిల్ ఉందని చదువుకున్నారు. మన పిల్లలకు పుట్టినరోజుకు వేలు పోసి గేర్ల సైకిల్ కొంటున్నాం. అది బేస్‌మెంట్‌లో దుమ్ము కొట్టుకుని గాలి దిగి పడి ఉంటోంది. ఒకసారి కిందికెళ్ళి చూడండి, బి బ్లాకు స్తంభాల వెనక ఎన్ని ఉన్నాయో.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. పన్నెండేళ్ళ పిల్లకు సైకిల్ ప్రమాదమంటున్న ఇళ్ళే, పదో తరగతికి రాగానే ట్యూషన్ దూరమని స్కూటీ తాళాలు చేతికిస్తున్నాయి. తమ్ముడినో చెల్లినో వెనక ఎక్కించుకుని, హెల్మెట్ లేకుండా, పదిహేనేళ్ళ పిల్లలు మన గేటులోంచి వెళ్ళడం నేను వారానికి రెండు మూడుసార్లు చూస్తున్నాను. 2019లో మారిన మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ ఏమంటోందో చదివి చెబుతున్నాను. మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకో బండి యజమానికో పడుతుంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లకు పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. చట్టం సంగతి అలా ఉంచండి. ఆ స్కూటీ దాదాపు వంద కిలోలు ఉంటుంది. ఎదురుగా నడిచొచ్చేది మన పక్కింటి పిల్లే. దయచేసి ఆ తాళాలు వెనక్కి తీసుకోండి.

బండి మీదే తీసుకెళ్ళక తప్పనివాళ్ళుంటారు. దూరం స్కూళ్ళవాళ్ళు, వేరే పరిస్థితులున్నవాళ్ళు. వాళ్ళను నేనేమీ అనను. ఒక్క మాట మాత్రం వినండి. నాలుగేళ్ళు దాటిన ప్రతి పిల్లకూ హెల్మెట్ పెట్టాలని చట్టంలోనే ఉంది. అంతకంటే చిన్నవాళ్ళను ఎక్కించుకుంటే నడిపేవాళ్ళకు కట్టే బెల్టు, చిన్న హెల్మెట్, 40 దాటని వేగం, ఇవి 2023 ఫిబ్రవరి 15 నుంచి తప్పనిసరి. పొద్దున మన గేటు దగ్గర నిలబడితే నాన్నల తలల మీద హెల్మెట్లుంటాయి, ముందు నిలబడ్డ పసివాళ్ళ తలలు గాలికి ఊగుతుంటాయి. అది చూడలేకపోతున్నాను.

ఇప్పుడు సైకిల్ ఎవరు తొక్కొచ్చు, కిక్ స్కూటర్, అంటే కాలితో నేలను తోసుకుంటూ పోయేది, ఎవరు తేవచ్చు అని అడుగుతారు. నా అభిప్రాయం చెబుతాను. ఆరో తరగతి నుంచి సైకిల్. అది కూడా మన కోర్టులో నేను పెట్టే చిన్న పరీక్ష పాసయ్యాకే. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళు నేలకు ఆనాలి. "ఎదుగుతారులే" అని పెద్ద సైజు కొనకండి, అది చెప్పుల విషయంలో పనికొస్తుందేమో, సైకిల్‌కు పనికిరాదు. బ్రేకు పట్టుకుని తోస్తే చక్రం కదలకూడదు. సుద్ద గీత మీద తిన్నగా తొక్కాలి. వెనక్కి తిరిగి చూసినా హ్యాండిల్ వంకర పోకూడదు. చాలామంది పిల్లలు తప్పేది ఇక్కడే. తల ఎటు తిరిగితే సైకిల్ అటు పోతుంది. రెండు ఆదివారాలు సాధన చేస్తే వచ్చేస్తుంది. చెవిలో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు. వర్తూరు రోడ్డు మీదికి, రింగు రోడ్డు మీదికి వెళ్ళనే వెళ్ళకూడదు. లోపలి అడ్డ వీధుల గుండా వెళ్ళే దారి ఉంది, రెండు వందల మీటర్లు ఎక్కువైనా అదే మేలు. పెద్ద రోడ్డు దగ్గర దిగి, నడిపించుకుంటూ దాటాలి.

కిక్ స్కూటర్లు మన పిల్లలకు మహా ఇష్టం. సాయంత్రమైతే పోడియం మీద అవే. దాని చక్రాలు చాలా చిన్నవి. పెద్ద సైకిల్ చక్రం ఎగిరి దాటేసే సందులో అది టక్కున ఇరుక్కుని పిల్లవాడు ముందుకు బోర్లా పడతాడు. మన దారిలో కాలువ మీద పరిచిన బండల మధ్య వేళ్ళు పట్టేంత సందులున్నాయి. అందుకని నున్నటి చోట తోసుకుంటూ వెళ్ళాలి, బండలొచ్చిన చోట దిగి చేత్తో పట్టుకోవాలి, రోడ్డు దాటేటప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ దాని మీద ఉండకూడదు. ఇళ్ళ గేట్ల ముందు నెమ్మదించాలి, లోపల్నుంచి కారు వెనక్కి వస్తుండొచ్చు. హెల్మెట్ దీనికీ కావాలి.

నడక వల్ల ఒంటికి మేలని డ్రిల్లు మాస్టారు చెప్పకపోతే ఎవరు చెబుతారు! అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు కనీసం అరవై నిమిషాలు ఒళ్ళు వంచి కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పోను పదిహేను, రాను పదిహేను, కాస్త జోరుగా నడిస్తే సగం అక్కడే అయిపోయింది. దానికి ఫీజు కట్టక్కర్లేదు, సాయంత్రం ఇంకో క్లాసుకు దింపక్కర్లేదు. అయినా నాకు అంతకంటే విలువైనది వేరే కనబడుతోంది. మా మనవరాలికి ఈ దారంతా సొంతం. కాలు పెడితే టకటకమనే బండ ఏదో తెలుసు. జనవరిలో గులాబీ రంగు పూలు రాలే చెట్టు ఏదో తెలుసు. మలుపు దగ్గర కనకాంబరాలు కట్టే అక్కతో కన్నడంలో మాట్లాడుతుంది. ఆమె దగ్గర 'చెన్నాగిదె' (బాగుంది) నేర్చుకుని ఇంట్లో అన్నిటికీ అదే అంటోంది. ఈ ఏడాది మొదట్లో ఒకరోజు నాకు ఒంట్లో బాగాలేక కారులో వెళ్ళింది. సాయంత్రం వచ్చి, "అక్క ఈ రోజు మల్లెలు తెచ్చిందో లేదో చూడలేదు తాతా" అని చిన్నబుచ్చుకుంది.

మీరు చెప్పే కారణాలు నేను వినలేదనుకోవద్దు. బ్యాగు బరువు మొదటిది. అది నిజమైన కారణం. 2020లో కేంద్రం తెచ్చిన విధానం ప్రకారం బ్యాగు పిల్ల బరువులో పదో వంతు మించకూడదు. మా మనవరాలు ఇరవై నాలుగు కిలోలు. అంటే బ్యాగు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే నాలుగున్నర వచ్చింది. మీ ఇంట్లోనూ తూచండి. తూచిన కాగితాలన్నీ ఒకచోట పెట్టి స్కూలు యాజమాన్యం ముందు పెడదాం. సగం పుస్తకాలు క్లాసులోనే ఉంచే అరలు అడుగుదాం. అప్పటిదాకా బ్యాగులు మోయడానికి ఒక తోపుడు బండి నేను తయారు చేయించాను, ఆ ఖర్చు గురించి ఎవరూ మాట్లాడవద్దు.

రెండోది కుక్కలు. విడిగా పరుగెత్తే పిల్ల వెంట పడే కుక్క, ఈల వేసుకుంటూ నెమ్మదిగా నడిచే పదిమంది గుంపు జోలికి రాదు, నేను రోజూ చూస్తున్నాను. మూడోది, కొత్తవాళ్ళ భయం. దానికి కూడా గుంపే మందు. వాన సంగతి అంటారా, రెయిన్‌కోటుంది. ఎండంటారా, పొద్దున్నే బెంగళూరు ఎండ మా కదిరి నీడకన్నా చల్లన.

గుంపుగా నడవడం నేను కనిపెట్టింది కాదు. జపాన్‌లో ఆన్‌సైట్ చేసి వచ్చినవాళ్ళు మన డి బ్లాకులో ఉన్నారు, అడగండి. అక్కడ ఒక వీధి పిల్లలందరూ ఒకచోట చేరి, పెద్ద తరగతి పిల్ల ముందు నడుస్తుంటే వరసలో బడికి పోతారు. ఒకటో తరగతి పిల్లలకు దూరం నుంచి కనబడేలా పసుపు టోపీలు పెడతారు. హాలండ్ అంటే సైకిళ్ళ దేశమని మనమంతా అనుకుంటాం కదా. అక్కడ 1971లో రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు. వాళ్ళలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. బడికి వెళుతూ కూతుర్ని పోగొట్టుకున్న ఒక విలేకరి 'పిల్లల్ని చంపడం ఆపండి' అని రాస్తే, ఆ మాటే ఉద్యమమైంది. తల్లులూ తండ్రులూ పిల్లల్ని వెంటబెట్టుకుని రోడ్లకడ్డంగా కూర్చున్నారు. సైకిల్ దారులు, నెమ్మదిగా నడిచే వీధులు వాళ్ళు అడిగితే వచ్చాయి. అంతకు ముందు అక్కడి ఊళ్ళూ కార్లతో మన ఊరిలాగే కిక్కిరిసి ఉండేవి.

మన ఊళ్ళో అడగాల్సింది కూడా ఉంది. 2025 మే 14న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుంది, అంటే బతికే హక్కులో భాగం. ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం, దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన దారిలో ఒకచోట ఎత్తు నా మోకాలి దాకా ఉంది. ఎక్కలేక పిల్లలు రోడ్డు మీదికి దిగుతున్నారు. ఇంకోచోట ట్రాన్స్‌ఫార్మర్ కంచె మొత్తం ఆక్రమించింది. రెండో మలుపులో ఒక బండ మూల విరిగి కింద కాలువ కనిపిస్తోంది. ఆ రంధ్రంలో చిన్న కాలు దిగిపోతుంది. మూడు నెలలుగా దాని మీద నేనే కొమ్మలు పెడుతున్నాను.

ఈ నగరానికి మంచి ఫుట్‌పాత్ వేయడం రాక కాదు. రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు మీద టెండర్ ష్యూర్ అనే రోడ్ల పథకం కింద వేసినవి చూడండి. వైర్లూ పైపులూ కిందికి పోయాయి, పైన చక్రాల కుర్చీ కూడా పోతుంది. 2020లో రింగు రోడ్డు మీద సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం వైపు పదిహేడు కిలోమీటర్ల మేర స్తంభాలు పాతి సైకిల్ దారి కూడా ఇచ్చారు. మారతహళ్ళి దగ్గర నేనే దాని మీద తొక్కాను. మెట్రో పనుల్లో అది పోయింది. పోయినప్పుడు ఒక్కరం అడగలేదు, ఎందుకంటే అందరం కార్లలో ఉన్నాం. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి, మనం తూర్పు కార్పొరేషన్ కిందికి వచ్చాం. మనం వాళ్ళను ఫ్లైఓవర్ అడగడం లేదు. తొమ్మిది వందల మీటర్ల ఫుట్‌పాత్, పెద్ద రోడ్డు దాటే చోట ఫుట్‌పాత్ ఎత్తుకు లేపిన జీబ్రా గీతలు, విరిగిన బండ స్థానంలో కొత్త బండ. అర్జీ రాసిపెట్టాను, కన్నడంలో సెక్యూరిటీ సూపర్‌వైజరు గారు సరిచూశారు. క్లబ్ హౌస్ బల్ల మీద ఉంది. సంతకం పెట్టండి. నడిచే యాభై మంది పిల్లల్ని చూపించి అడిగిన ఫుట్‌పాత్ తొందరగా వస్తుంది, ఎవరూ నడవని దారికి ఎవరూ వేయరు.

స్కూలువాళ్ళకు కూడా ఇదే లేఖ ఇస్తున్నాను. గేటుకు అటూ ఇటూ వంద మీటర్లు, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, బస్సులు తప్ప ఏ బండీ ఆగకుండా చూడండి. పారిస్‌లో స్కూళ్ళ ముందు వీధులనే బండ్లకు మూసేశారు, మేము అంత అడగడం లేదు. లోపల సైకిళ్ళకు ఒక షెడ్డు, కిక్ స్కూటర్లు తగిలించే ఒక కడ్డీ వేయండి. నడిచొచ్చిన పిల్ల రెండు నిమిషాలు ఆలస్యమైతే గేటు బయట నిలబెట్టకండి. ఆ టెన్షన్‌తోనే పిల్లలు రోడ్ల మీద పరుగెత్తుతారు.

ఇక మన పని. జూన్ మొదటి సోమవారం నుంచి పిల్లలు పేరు పెట్టిన 'నడిచే బస్సు' బయల్దేరుతుంది. ఏడూ ఇరవైకి డి బ్లాకు లిఫ్టు దగ్గర, ఏడూ ఇరవై అయిదుకు బి బ్లాకు, ఏడున్నరకు గేటు పక్క కానుగ చెట్టు కింద. ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద, మధ్యలో ఇద్దరిద్దరుగా పిల్లలు. రోజుకు ఇద్దరు చొప్పున వారానికి పదిమంది కావాలి. ఇరవై ఇళ్ళు ముందుకొస్తే ఒక్కో ఇంటికి రెండు వారాలకు ఒక్క రోజు. మిగతా తొమ్మిది రోజులూ మీకు ఆ అరగంట మిగులుతుంది, ఎనిమిదిన్నర కాల్‌కు తీరిగ్గా కూర్చోవచ్చు. పెద్ద రోడ్డు దగ్గర ఎర్ర జెండా, ఈల పట్టుకుని రోజూ నేనుంటాను. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి కానీ నిలబడటానికి ఏమీ కాదు. నేను ఊరెళ్ళిన రోజున సి బ్లాకులోని రిటైర్డ్ ఆర్మీ సార్ ఉంటానన్నారు.

ఇప్పటికి ఏడుగురు పిల్లల పేర్లు వచ్చాయి. అందులో ఒకటి, ఫిబ్రవరిలో చెయ్యి విరిగిన బాబుది. కట్టు విప్పారు, చెయ్యి బాగుంది. వాళ్ళమ్మ తనే వచ్చి రాయించి, మొదటి సోమవారం వెనక నడిచే పెద్దగా తన పేరు కూడా రాసి వెళ్ళింది. వాచ్‌మన్ దగ్గర నీలం అట్ట నోట్‌బుక్ ఉంది. పిల్ల పేరు, తరగతి, బ్లాకు, మీరు నడవగలిగే రోజు రాయండి. పసుపు టోపీలు ఇరవై అయిదు కుట్టించాను, ఎక్కువ కావాలంటే శనివారంలోపు చెబితే మళ్ళీ కుట్టిస్తాను.

ఇట్లు,
ఎ బ్లాకు డ్రిల్లు మాస్టారు